థాయ్ ప్రభుత్వ బడిలో తెలివైన పిల్ల: సాథితా, అనుబానా, వీధి చివరి బడా?

థాయ్ భాషలో మేధావి పిల్లను ‘దెక్ అచ్చరియ’ అంటారు. పాళీ నుంచి వచ్చిన ఆ అచ్చరియ మన ఆశ్చర్యమే. ఇంత చక్కని మాట ఉన్న దేశంలో, మన నవోదయల తరహాలో తెలివైన పిల్లలను ఏరి చేర్చుకునే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల వ్యవస్థ మాత్రం లేదు. ఉద్యోగాల మీద బ్యాంకాక్‌కో రయోంగ్‌కో వచ్చిన తెలుగువాళ్లు, ఇక్కడివారిని పెళ్లాడి స్థిరపడినవాళ్లు ‘మావాడు బాగా చురుకండీ, ఏ గవర్నమెంటు బడిలో వేయమంటారు?’ అని అడిగినప్పుడల్లా నేను మొదట చెప్పేది ఇదే. అడిగినవారి ముఖం కాస్త వాడుతుంది. పర్వాలేదు, ముందే వాడితే తర్వాత లెక్క సరిగ్గా వేసుకోవచ్చు.

ప్రత్యేక సామర్థ్యం ఉన్న పిల్లలకు తగిన పద్ధతిలో చదువు చెప్పాలని 1999 నాటి జాతీయ విద్యా చట్టం పదో సెక్షన్ చెబుతుంది. ఆ వాక్యం బడి రూపం దాల్చేది మాధ్యమిక దశలోనే. యువరాణి చుళాభరణ్ పేరిట వేర్వేరు ప్రాంతాల్లో ఉన్న విజ్ఞాన పాఠశాలలు మత్తయోమ్ 1 నుంచి, అంటే మన ఏడో తరగతి నుంచి చేర్చుకుంటాయి. నఖోన్ పథోమ్‌లోని సాలాయాలో ఉన్న మహిదోల్ విద్యానుసోర్న్ అయితే మత్తయోమ్ 4 నుంచే. ఏటా 240 మందిని తీసుకుంటుంది. అంతకు ముందున్న ప్రథోమ్ ఆరేళ్లలో (ప్రథోమ్ అంటే మన ప్రథమమే) మీ పిల్ల మామూలు పిల్లల మధ్య, మామూలు పాఠ్యప్రణాళికలోనే చదువుతుంది. బడికీ బడికీ ఉన్న తేడా సిలబస్‌లో పెద్దగా కనిపించదు. పిల్ల రోజు ఎలా గడుస్తుంది, చేయెత్తితే ఉపాధ్యాయురాలు ఏమంటుంది, ఇంటికి వచ్చేసరికి ఎంత ఓపిక మిగులుతుంది అన్నవాటిలో కనిపిస్తుంది. నేను బడులను పోల్చేది ఈ మూడింటి మీదే. ట్రోఫీల బీరువా నాకు నాలుగో విషయం.

బడి పేర్ల కంటే ముందు భాష సంగతి తేల్చుకోవాలి. ప్రభుత్వ బడి అంటే థాయ్ మాధ్యమం. 2008 నాటి మౌలిక విద్యా ప్రణాళిక ప్రకారం ప్రథోమ్ 1 నుంచి 3 వరకు ఏడాదికి థాయ్‌కి 200 గంటలు, లెక్కలకు 200 గంటలు. ఆ లెక్కలూ థాయ్‌లోనే. థాయ్ రాని మేధావి ఆ గదిలో మందకొడి పిల్లలాగే కనిపిస్తుంది, కొన్నాళ్లకు తానూ అదే నమ్ముతుంది. ఐదేళ్లు దాటిన పిల్లను థాయ్ రాకుండా నేరుగా ప్రథోమ్ 1లో కూర్చోబెట్టడం కంటే ఒక ఏడాది ముందే అనుబాన్‌లో, అంటే శిశు తరగతిలో వేయడం మేలు. ఇక్కడ మన పిల్లలకు ఒక సుఖం ఉంది. తెలుగు వర్ణమాల నేర్చిన పిల్లకు థాయ్ అక్షరాల వరస కొత్తగా అనిపించదు: క వర్గం, చ వర్గం, ట వర్గం అని అదే నడక. మొత్తం 44 హల్లులు, వాటిలో రెండు వాడుకలో లేవు. కష్టపెట్టేవి ఐదు స్వరస్థాయులు, మాటల మధ్య ఖాళీ లేని రాత. మా అమ్మాయి ‘గురువు’ను ‘ఖ్రూ’లో, ‘విశేషం’ను ‘ఫిసేత్’లో గుర్తుపట్టి, పదాల వేట మొదలుపెట్టి ఆ కష్టాన్ని దాటింది. తెలివైన పిల్లకు అలాంటి వేట ఒకటి దొరికితే చాలు.

ఇక బడులు. అందరి నోటా మొదట వచ్చే పేరు సాథిత్. మన ‘సాధిత’మే, ఇక్కడ ‘చేసి చూపడం’ అన్న అర్థంలో వాడతారు. విశ్వవిద్యాలయాలలోని విద్యా విభాగాలు తమ బోధన పద్ధతులను పరీక్షించుకోవడానికి, ఉపాధ్యాయులను తయారుచేసుకోవడానికి నడిపే బడులివి: సాథిత్ చుళా, సాథిత్ కసేత్, సాథిత్ ప్రసాన్‌మిత్, ఖోన్ ఖెన్ విశ్వవిద్యాలయం సాథిత్ మొదలైనవి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల కింద ఉన్నా విద్యాశాఖ మామూలు బడులలా ఉచితం కావు. ప్రశ్నలడిగే పిల్లను భరించే అలవాటు మిగతా బడుల కంటే వీటిలో ఎక్కువ, అది నిజం. శిక్షణకు వచ్చే యువ ఉపాధ్యాయులు కొత్త పద్ధతులు ప్రయత్నిస్తారు, ప్రాజెక్టులు చేయిస్తారు. ప్రథోమ్‌లో చేరితే మత్తయోమ్ దాకా అదే ప్రాంగణంలో కొనసాగే వీలు చాలాచోట్ల ఉంటుంది.

గుమ్మం దగ్గరే అసలు చిక్కు. సీట్లకు ఎన్నో రెట్లు దరఖాస్తులు. ఆ సీట్లలో కొంత భాగం విశ్వవిద్యాలయ సిబ్బంది పిల్లలకు పోతుంది. మిగిలిన సీట్ల కోసం పిల్లలకు బొమ్మల ప్రశ్నలు, ఆకారాల పోలికలు, విన్న కథ మీద జవాబులు. వీటికి శిక్షణ ఇచ్చే కేంద్రాల్లో అనుబాన్ 2 నుంచే పిల్లలను కూర్చోబెడతారు. ఆరో తరగతి గుమ్మం మీద ‘ఐఐటీ పునాది’ అని బోర్డు కట్టే మనవాళ్లకు ఇది చూసి ఆశ్చర్యం కలగదనుకోండి. చిన్నపిల్లలకు పోటీ పరీక్షలు పెట్టడం సబబేనా అని 2019లో పూర్వబాల్య వికాస చట్టం వచ్చినప్పుడు దేశమంతా వాదించుకుంది. శిక్షణ కేంద్రాలు మాత్రం మూతపడలేదు. నా సలహా: ఇల్లు సాథిత్‌కు అరగంట దూరంలో ఉంటే, పిల్ల పజిళ్లను ఆటలా ఇష్టపడితే, ఒకసారి పరీక్ష రాయించండి. పాత ప్రశ్నల పుస్తకం ఒకటి కొని, రెండు నెలలు ఆడించండి, అంతే. రెండేళ్ల శిక్షణ పెట్టి సాధించిన సీటు పిల్ల తెలివికి కొలత కాదు. ఆ రెండేళ్లలో పోయిన సాయంత్రాలు మాత్రం తిరిగి రావు. గంటన్నర దూరమైతే అసలు దరఖాస్తే వద్దంటాను. ఉదయం ఐదున్నరకు కారులో నిద్రపోతూ బయలుదేరి, వెనక సీట్లోనే పళ్లు తోముకుని, టిఫిన్ తినే పిల్లలు బ్యాంకాక్‌లో కోకొల్లలు.

రెండో వరస అనుబాన్ బడులది. పేరు ‘అనుపాల’ నుంచి వచ్చింది. శిశువిద్య అన్న అర్థంతో మొదలైనా, అనుబాన్ చియాంగ్ మాయ్, అనుబాన్ ఖోన్ ఖెన్, అనుబాన్ నోంథబురీ లాంటివి ప్రథోమ్ 6 దాకా ఉన్న పెద్ద ప్రభుత్వ బడులు. ప్రతి చంగ్వాత్‌లోనూ (మన జిల్లా లాంటిది) పేరున్న ప్రాథమిక బడి అంటే చాలావరకు ఇదే. వేలమంది పిల్లలు, ఉదయం ఎనిమిదికి జెండా వందనం, గుమ్మం ముందు కార్ల బారు. ఇవి ‘సో ఫో థో’ కింద, అంటే విద్యాశాఖలోని మౌలిక విద్యా కమిషన్ కార్యాలయం కింద నడుస్తాయి. మామూలు గదుల్లో చదువు ఉచితం. బడి సేవా పరిధిలోని పిల్లలకు మొదటి అవకాశం, ఎక్కువమంది వస్తే చీట్లు తీస్తారు. మీ పిల్ల మేధావి అన్నది ఆ చీటీకి తెలియదు. సేవా పరిధి అంటే థబియన్ బాన్ అనే ఇంటి రిజిస్టర్‌లో పేరుండటం. పేరున్న బడులు సాధారణంగా రెండేళ్లుగా అక్కడే పేరుందా అని చూస్తాయి. అద్దె ఇంట్లో ఉండే తెలుగు కుటుంబానికి ఇక్కడే బెడిసికొడుతుంది.

ఆ బడుల్లోనే డబ్బు కట్టే దారి ఒకటుంది: ఇంగ్లీష్ ప్రోగ్రామ్, మినీ ఇంగ్లీష్ ప్రోగ్రామ్. మొదటిదానిలో ప్రథోమ్ పిల్లలకు లెక్కలు, సైన్స్, వ్యాయామం కూడా ఆంగ్లంలో చెబుతారు. రెండోదానిలో అందులో సగం మేరకు. రుసుముకు విద్యాశాఖ పరిమితి పెట్టింది: ప్రాథమిక స్థాయిలో సెమిస్టర్‌కు మొదటిదానికి 35,000 బాత్‌ల వరకు, రెండోదానికి 17,500 వరకు. ఇంటర్నేషనల్ స్కూలుతో పోలిస్తే ఇది చిల్లర డబ్బే. మామూలు గదిలో 40 మంది దాకా ఉంటే ఇక్కడ 30 మంది లోపే, ఏసీ గది, సాధారణంగా ఒక విదేశీ ఉపాధ్యాయుడు, ఒక థాయ్ ఉపాధ్యాయురాలు. నాకు నచ్చేది మినీ. పిల్లకు థాయ్ బలంగా వస్తుంది, లెక్కలు ఆగవు. పూర్తి ఇంగ్లీష్ ప్రోగ్రామ్‌లో చదివిన కొందరు పిల్లలు మత్తయోమ్ 1 ప్రవేశ పరీక్షకు కూర్చున్నప్పుడు, లెక్క తెలిసినా థాయ్‌లో రాసిన పద సమస్య అర్థం కాక చతికిలపడటం చూశాను. ఆ పరీక్షలు థాయ్‌లోనే ఉంటాయి మరి. ఇంకో మాట: ఈ కార్యక్రమాలలో బోధన నాణ్యత ఆ ఏడాది దొరికిన విదేశీ ఉపాధ్యాయుడి మీద వేలాడుతుంది. ఏడాదిలో ఎంతమంది మారారో తప్పకుండా అడగండి. ముగ్గురు మారారంటే డబ్బు దండగ.

బ్యాంకాక్ నగరపాలక సంస్థ కింద, ఇక్కడివాళ్లు ‘కో థో మో’ అనే దాని కింద, 437 బడులున్నాయి. నగరంలోని ఏ ఖేత్ (వార్డు అనుకోండి) చూసినా ఒకటి నడక దూరంలో ఉంటుంది. చాలామంది తల్లిదండ్రులు పేదవాళ్లు, వలస కూలీలు. పేరు వినగానే మధ్యతరగతి థాయ్ తల్లులు పెదవి విరుస్తారు. ఇతర పట్టణాలలో థేసబాన్, అంటే పురపాలక బడులున్నాయి. ఫుకేత్ నగరంలోని ప్లూక్ పన్యా పురపాలక బడి పేరుకు ‘ప్రజ్ఞ నాటే బడి’ అని అర్థం. పురపాలక బడి అనగానే మనకు గుర్తొచ్చే కారిన గోడలతో దీన్ని కొలవకూడదు. ఈ బడులలో మంచీ చెడూ పూర్తిగా ప్రధానోపాధ్యాయుడి మీద ఆధారపడతాయి. పేరు చూసి తీసిపారేయకండి, వెళ్లి చూడండి.

వీధి చివరి చిన్న బడి గురించి ఎవరూ అడగరు. నేను చెబితే నవ్వుతారు కూడా. దేశంలోని సుమారు 29,000 సో ఫో థో బడుల్లో దాదాపు సగం 120 మంది పిల్లలు కూడా లేనివి. కొన్నిచోట్ల ఒకే ఉపాధ్యాయురాలు రెండు తరగతులకు చెబుతుంది. ఉపాధ్యాయులు చాలని చోట హువా హిన్‌లోని వాంగ్ క్లాయ్ కంగ్‌వోన్ బడి నుంచి 1995 మొదలు ఉపగ్రహం ద్వారా వచ్చే పాఠాలు టీవీలో పెడతారు. ఇది మేధావికి ఎలా సరిపోతుంది? రెండు తరగతులు కలిసి కూర్చునే గదిలో రెండో తరగతి పిల్ల మూడో తరగతి పాఠం వింటుంది. ఆమెను ఎవరూ ఆపరు. పన్నెండు మందిలో ఒకరైన పిల్లను ఉపాధ్యాయురాలు పేరు పెట్టి ఎరుగుతుంది. మధ్యాహ్నం మూడున్నరకు పిల్ల ఇంట్లో ఉంటుంది. ప్రయోగశాల ఉండదు, ఆంగ్లం నామమాత్రం. ఈ రెండూ ఇంట్లో చూసుకోగలిగిన తల్లిదండ్రులకు, మొదటి మూడేళ్ల వరకు, ఈ బడి చెడ్డ ఎంపిక కాదు. ఇంట్లో చూసుకునే తీరిక లేకపోతే మాత్రం వద్దు, అప్పుడు పిల్ల ఉపగ్రహ పాఠాలకే మిగిలిపోతుంది.

పెద్ద బడుల్లో ‘హోంగ్ కింగ్’ అని ఒక గది ఉంటుంది, రాజుగారి గది. మార్కుల వరసన పైనున్న పిల్లలంతా అందులో. తల్లిదండ్రుల కళ్లన్నీ దాని మీదే. ఆ గదిలో చెప్పేది చాలాచోట్ల అదే పాఠం, కాస్త వేగంగా, హోంవర్కు రెండింతలు. త్వరగా నేర్చే పిల్లకు అదే రకం లెక్కలు ఇంకో ముప్పై ఇవ్వడం చదువు కాదు, జరిమానా. ఆ గదిలో ఏ రకం పిల్ల వికసిస్తుందో కూడా చూడాలి: చెప్పింది చేసే పిల్ల. అడిగే పిల్ల కాదు.

ఇక్కడ ఒక మాట అర్థం చేసుకోవాలి: క్రెంగ్ చాయ్. ఎదుటివారికి ఇబ్బంది కలిగించకూడదనే జంకు, మర్యాద, మొహమాటం కలిసిన గుణం. మన మొహమాటం కంటే ఇది లోతైనది, పిల్లలకు అనుబాన్‌లోనే అబ్బుతుంది. మా అమ్మాయి ఒక పెద్ద బడిలో ప్రథోమ్ 2లో ఉండగా, ఉపాధ్యాయురాలు బోర్డు మీద జంతువులను గళ్లుగా రాసి తిమింగలాన్ని చేపల గడిలో పెట్టింది. థాయ్‌లో తిమింగలం పేరు ‘ప్లా వాన్’, ‘ప్లా’ అంటే చేప. మా పిల్ల లేచి, అది చేప కాదు, పాలిస్తుంది అంది. గది నిశ్శబ్దం. ఆ సెమిస్టర్ ప్రగతి పత్రంలో మార్కులన్నీ నాలుగుకు నాలుగే. కింద మాత్రం, ఇంకా ‘రియప్‌రోయ్’గా ఉండటం నేర్చుకోవాలి అని రాశారు. పొందికగా, అణకువగా అని అర్థం. ఆ తర్వాత రెండు నెలలు మా పిల్ల చేయెత్తలేదు. మరుసటి ఏడాది ఇంటి దగ్గరి చిన్న పురపాలక బడికి మార్చాం. అక్కడి ఉపాధ్యాయురాలు ఇదే తిమింగలం కథ విని, ఒక చార్టు ఇచ్చి, పేరులో ‘ప్లా’ ఉండీ చేప కానివన్నీ రాసి తెమ్మంది. డాల్ఫిన్, స్క్విడ్, నక్షత్ర చేప. నెలరోజులు ఆ చార్టు గోడ మీదే ఉంది. పాఠ్యపుస్తకం రెండుచోట్లా ఒకటే.

అందుకే బడి చూడటానికి వెళ్లేటప్పుడు ప్రవేశాల రోజున కాకుండా మామూలు మంగళవారం వెళ్లండి. అనుమతి అడిగితే చాలా బడులు మర్యాదగా చూపిస్తాయి. గ్రంథాలయం తాళం తీసి ఉందా, పుస్తకాల అంచులు నలిగాయా చూడండి. తరగతి ఉపాధ్యాయురాలిని ఒకే ప్రశ్న అడగండి: పని ముందే ముగించిన పిల్ల మిగతా సమయం ఏం చేస్తుంది? ‘కదలకుండా కూర్చుంటుంది’ అన్నది ఒక జవాబు. ‘పక్కవాళ్లకు నేర్పుతుంది’ అన్నది కొంచెం మంచిది, రోజూ అదే అయితే కాదు. ‘అదిగో ఆ మూల అరలో కావలసింది తీసుకుంటుంది’ అన్నారంటే అక్కడే దరఖాస్తు ఇచ్చి రండి. ట్రోఫీల బీరువా దగ్గర కూడా కాసేపు ఆగండి. ఏటా జరిగే ‘సిల్ప హత్తకమ్’ పోటీల (శిల్ప హస్తకర్మమే) కోసం కొన్ని బడులు ఇద్దరు ముగ్గురు చురుకైన పిల్లలను వారాల తరబడి పాఠాల నుంచి తప్పించి తర్ఫీదు ఇస్తాయి. పిల్లకు అది ఇష్టమైతే పండగే. లేకపోతే ఆమె బడికి పతకాలు తెచ్చే యంత్రం అవుతుంది.

తరగతి దాటించడం ఇక్కడ చాలా అరుదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. బడి బయట ఆసరాలు మాత్రం బాగానే ఉన్నాయి. విజ్ఞాన, సాంకేతిక బోధనను ప్రోత్సహించే ప్రభుత్వ సంస్థ ‘సో సో వో థో’ను 1972లో పెట్టారు. ప్రథోమ్ 3, 6 పిల్లలకు అది నిర్వహిస్తూ వచ్చిన లెక్కలు, సైన్స్ పరీక్షలలో బట్టీ పట్టి రాయగలిగే ప్రశ్నలు తక్కువ. ఫలితం కోసం కాకపోయినా, పిల్లకు అసలైన కష్టం ఎలా ఉంటుందో రుచి చూపడానికి రాయించవచ్చు. ఏ-మాథ్ అని సమీకరణాలు పేర్చే బల్ల ఆట ఒకటుంది, చాలా బడుల్లో దానికి జట్లుంటాయి. ‘రియన్ ఫిసేత్’, అంటే విశేష చదువు అనే ట్యూషన్ ఊరంతా ఉంది. తెలివైన పిల్లకు అది చివరి మందు, మొదటిది కాదు. ఇంట్లోనే చదివించే హక్కు కూడా అదే 1999 చట్టం పన్నెండో సెక్షన్ ఇస్తుంది, విద్యా కార్యాలయం అనుమతితో.

భోజనం సంగతి చెప్పకపోతే తెలుగు తల్లులు ఊరుకోరు. బడిలో మధ్యాహ్న భోజనం, పాలు ఉంటాయి. శాకాహారులకు చిక్కు: కూరలో మాంసం తీసేసినా చేపల సాస్ ఉంటుంది. ‘మంగ్‌సవిరత్’ అని చెప్పండి, మాంసవిరతి అన్నమాట. వాళ్లకు అర్థమవుతుంది, వంటమనిషికి గుర్తుండటం వేరే విషయం. డబ్బా కట్టడమే నయం. ఇక విదేశీ పిల్ల అని ఏ ప్రభుత్వ బడీ చట్టప్రకారం తలుపు వేయకూడదు. పత్రాలు లేని పిల్లలను కూడా చేర్చుకోవాలని 2005 నాటి నిబంధన. పాస్‌పోర్టు, జనన ధ్రువీకరణ, టీకాల పుస్తకం, ఇంటి యజమాని థబియన్ బాన్ నకలు తీసుకెళ్లండి. గుమస్తా తెలియదంటే నవ్వుతూ ప్రధానోపాధ్యాయుడిని కలుస్తానని చెప్పండి. గొంతు పెంచితే పని చెడుతుంది.

మరి ఏది? థాయ్ ఇంకా సరిగా రాని పిల్లకు అనుబాన్ బడిలో మినీ ఇంగ్లీష్ ప్రోగ్రామ్. ఇంట్లో తల్లో తండ్రో థాయ్ అయి, భాష సమస్య లేకపోతే, సాథిత్ దగ్గర్లో ఉంటే ఒక ప్రయత్నం, రాకపోతే అనుబాన్ మామూలు గది. హోంగ్ కింగ్ కోసం పైరవీ వద్దు, ‘పె చియా’ అనే చాటు విరాళం అసలే వద్దు. పిల్ల బాగా మెతక స్వభావం, నలుగురిలో నోరు విప్పదు అంటే మూడేళ్లు చిన్న బడి. అక్కడి నుంచి ప్రథోమ్ 4లో మారవచ్చు. అప్పుడు పెద్ద బడుల్లోనూ అక్కడక్కడ సీట్లు ఖాళీ అవుతాయి, బదిలీల మీద వెళ్లిపోయే కుటుంబాల వల్ల. మొదటి సెమిస్టర్ మే 16న మొదలవుతుంది. సీటు ఉందా అని మార్చిలోనే, పిల్లను వెంటబెట్టుకుని, ఆమె నోట్‌బుక్కు ఒకటి చేత్తో పట్టుకుని వెళ్లి అడగండి.